ఎండాకాలం, కారు, మా మామయ్య

ఎండాకాలం వస్తోందంటే ఇంట్లో మన హడావిడి మీకు చెప్పక్కర్లేదు. కూలర్ దించి గడ్డి మార్పించడం, కొత్త కుండ కొని నానబెట్టడం, ఒడియాలు పెట్టుకోవడానికి డాబా ఎవరికి ఏ రోజో పంచుకోవడం, ఏసీ సర్వీసు అబ్బాయికి పదిసార్లు ఫోన్ చేయడం. ఇంట్లో మనుషుల్ని చల్లగా ఉంచడానికి ఇంత చేస్తాం కదా, కింద పార్కింగ్‌లో దుమ్ము కప్పుకుని నిలబడ్డ కారుకి కూడా లోపల ఒక చల్లదనం ఉంటుందని, దాన్నీ అప్పుడప్పుడు మార్చాలని మన పంచాంగంలో ఎక్కడా రాసి ఉండదు. మా ఇంట్లో కారు సంగతి మొదట్నుంచీ మావారిది. ఆయనకి రెండేళ్ళ క్రితం చెన్నై బదిలీ అయింది. అప్పట్నుంచి తాళం చెవి నా హ్యాండ్‌బ్యాగులోకి వచ్చింది. దాంతోపాటు దాని రోగాలూ వచ్చాయి.

మా మామయ్య గురించి ఇంతకు ముందు రెండు మూడుసార్లు రాశాను. ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు 76 ఏళ్ళు. చేతులు వణుకుతాయి. వయసుతో వచ్చే వణుకే, భయం లేదన్నారు డాక్టరు గారు. అయినా టీ గ్లాసు సగమే నింపి ఇస్తాం. క్రితం ఏడాది మే నెలలో అత్తయ్య పోయాక ఆయన మాటలు బాగా తగ్గిపోయాయి. చలికాలంలో ఫ్యాన్ బాగుచేస్తానని స్టూలెక్కి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. దాంతో మావారూ, మా ఆడపడుచూ కలిసి స్కూటర్ అమ్మేశారు, టూల్ బాక్స్ అటకెక్కించారు. "నాన్నకి ఏ పనీ చెప్పకు" అని నాకు ఆర్డర్. వాళ్ళ భయం వాళ్ళది, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ పొద్దున లేచి పేపర్ చదివి, ఇంకేం చేయాలో తెలియక నా వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడి, మళ్ళీ వెళ్ళిపోయే మనిషిని రోజూ చూసేది నేను.

సరే, విషయానికొస్తాను. ఏప్రిల్ చివర్లో ఒక గురువారం మామయ్యని మలక్‌పేటలో కళ్ళ డాక్టరుకి చూపించి ఇంటికి తీసుకొస్తున్నాను. మాది ఎల్బీనగర్ దాటి నాగోల్ వైపు వెళ్ళే దారిలో అపార్ట్‌మెంట్. మూసారాంబాగ్ దాకా బాగానే వచ్చాం. దిల్‌సుఖ్‌నగర్ సంగతి తెలుసుగా! 2018లో మెట్రో వచ్చినా, పండ్ల మార్కెట్ కొత్తపేట నుంచి బాటసింగారం వెళ్ళిపోయినా ఆ రోడ్డు మాత్రం ఖాళీ అవ్వలేదు. పైగా గురువారం, సాయిబాబా గుడి రద్దీ. మెట్రో స్టేషన్ కింద పది నిమిషాలు కదల్లేదు. చూస్తూ ఉండగానే ఇంజన్ వేడి చూపించే ముల్లు సగం దాటి పైకి వెళ్ళడం మొదలుపెట్టింది.

అప్పుడు పక్క సీట్లోంచి మామయ్య గొంతు వినిపించింది. "ఏసీ బంద్ చెయ్యమ్మా. అద్దాలు దించు. హీటర్ ఫుల్లు పెట్టు."

బయట నలభై డిగ్రీలు. హీటరా? ఆయన ముఖం వంక చూశాను. ఎప్పుడూ ఎటో చూస్తున్నట్టుండే కళ్ళు ఆ ముల్లు మీదే ఉన్నాయి. సరేనని హీటర్ తిప్పాను. వేడిగాలి ముఖాన కొట్టింది, ఇద్దరం చెమటతో తడిసిపోయాం, ముల్లు మాత్రం నెమ్మదిగా దిగింది. కారు హీటర్ అంటే మన గీజర్‌లా కరెంటుతో కాలే తీగ కాదట. ఇంజన్ వేడి నీళ్ళే డ్యాష్‌బోర్డు వెనకున్న బుల్లి రేడియేటర్ గుండా వెళతాయట. అది పెడితే ఇంజన్ వేడిలో కొంత మన మీదికొస్తుంది, ఇంజన్ కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. చైతన్యపురి దాటాక ఓ పక్కకి ఆపి, ఇంజన్ కట్టేసి అరగంట కూర్చున్నాం. నేను దిగబోతుంటే "మూత మాత్రం ముట్టకు" అన్నారు. చొక్కా చెయ్యి పైకి లాగి మోచేతి కింద మచ్చ చూపించారు. పెళ్ళయిన కొత్తలో అయిందట అది. వేడి మీదున్న బస్సు రేడియేటర్ మూత తొందరపడి తిప్పారట. ఇన్నేళ్ళుగా ఆ మచ్చ చూస్తున్నాను, కథ మాత్రం ఆ రోజే విన్నాను.

ఆ మూత ఎందుకంత ప్రమాదమో మనకి సులువుగా అర్థమవుతుంది, ఎందుకంటే మనం రోజూ కుక్కర్ వాడేవాళ్ళం. మన హైదరాబాద్ ఎత్తు మీద ఉంది కాబట్టి ఇక్కడ మామూలు గిన్నెలో నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కుక్కర్‌లో వెయిట్ పెడితే ఒత్తిడి పెరిగి 120 దాకా వెళ్ళినా మరగవు. రేడియేటర్ మూత కూడా కుక్కర్ వెయిట్ లాంటిదే. దాని మీద 0.9 అనో 1.1 అనో ఒక అంకె ఉంటుంది, అది ఎంత ఒత్తిడిని ఆపుతుందో చెప్పే లెక్క. విజిల్ దిగకుండా కుక్కర్ మూత తీస్తే పప్పు సీలింగుకి ఎలా అంటుకుంటుందో, ఇదీ అంతే. కాకపోతే ఇక్కడ ఎగిరేది పప్పు కాదు, మన ముఖం కాలే నీళ్ళు.

మర్నాడు పొద్దున ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాక మామయ్య చెప్తుంటే మూత తీశాను. కూలెంట్ పచ్చగానో ఎర్రగానో తేటగా ఉండాలి. లోపల ఉన్నది మాత్రం రెండు రోజులు నిలవున్న చింతపండు పులుసులా ఉంది. "గవి నీళ్ళు గాదమ్మా, తుప్పు" అన్నారు. ఏళ్ళ తరబడి ఎక్కడ తగ్గితే అక్కడ, ఎవరి చేతికందిన బోరు నీళ్ళు వాళ్ళు పోసిన ఫలితం అది. మన బోరు నీళ్ళకి గీజర్ రాడ్ మీద తెల్లగా పెచ్చు కడుతుంది కదా, రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ అదే కడుతుంది. ఇక నీళ్ళు తిరిగేది ఎలా, వేడి పోయేది ఎలా?

దగ్గర్లో ఒక గ్యారేజీకి తీసుకెళ్ళాను. బానెట్ ఎత్తి రెండు నిమిషాలు చూసి, రేడియేటర్ మార్చాలి, వాటర్ పంపు మార్చాలి, 14,000 అవుతుందన్నారు. "2013 మోడల్‌కి అంత పెట్టడం ఎందుకు మేడం, అమ్మేయండి" అని ఉచిత సలహా కూడా ఇచ్చారు. రాత్రి ఫోన్‌లో మావారికి చెప్తే ఆయనా అదే మాట. "అమ్మ సంవత్సరీకానికి క్యాబ్ మాట్లాడతాను. ఆ కారు వదిలెయ్."

అత్తయ్య సంవత్సరీకం మే రెండో వారంలో, సూర్యాపేట దగ్గర మా అత్తగారి ఊళ్ళో. మామయ్య సోఫాలో కూర్చుని అంతా వింటున్నారు. ఆ కారు ఆయన రిటైర్మెంట్ డబ్బుతో కొన్నది. షోరూం నుంచి నేరుగా యాదగిరిగుట్ట తీసుకెళ్ళి పూజ చేయించారు, ముందు సీట్లో అత్తయ్య. ఆయన అదేమీ ఎత్తలేదు. "ఒక్కసారి కడిగి చూద్దాం. అయితే అయితది. లేకుంటె అప్పుడు అమ్ముకోండి" అన్నారు అంతే.

మావారు అటునుంచి "నాన్నా, నీ చేతులు..." అని ఆగిపోయారు. మామయ్య లేచి తన గదిలోకి వెళ్ళిపోయారు.

నేను ఫోన్ స్పీకర్ తీసేసి ఒకటే అన్నాను. "చేతులు నావి. ఆయన కుర్చీలో కూర్చుని చెప్తారు." మాకు పెళ్ళయి పదహారేళ్ళు. మావారు ఎప్పుడు కోపంగా ఉంటారో, ఎప్పుడు భయపడతారో ఆ మౌనాన్ని బట్టి తెలుస్తుంది. ఆ రోజుది భయం. చాలాసేపటికి "వేడి ఇంజన్ దగ్గరికి మాత్రం రానివ్వకు" అన్నారు. ఆ షరతుకి నేను ఒప్పుకున్నాను. ఇప్పటికీ అది సరైన షరతే అనుకుంటున్నాను.

శనివారం ఎల్బీనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపుకి వెళ్ళాం. కూలెంట్ రెండు రకాలు దొరుకుతుంది. ఒకటి నీళ్ళు కలిపి తయారుగా ఉన్నది, రెండోది నీళ్ళు కలపని చిక్కటిది. షాపతను రంగు అడిగాడు, పచ్చదా ఎర్రదా అని. మామయ్య నవ్వారు. "రంగు కంపెనీవాడు కలిపేది. మందు ఏందో చూడు" అని కారు మాన్యువల్ తెరిచి అందులో రాసిన రకమే ఇమ్మన్నారు. రెండు రకాలు కలిపితే తుప్పు పట్టకుండా ఆపే మందులు ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయట, ఒక్కోసారి జావలా గడ్డ కడుతుందట. చిక్కటిది రెండు లీటర్లు, ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఐదు లీటర్ల డబ్బాలు రెండు కొన్నాం. అన్నీ కలిపి వెయ్యి రూపాయలకి కాస్త పైన.

ఆదివారం పొద్దున ఏడింటికి మొదలుపెట్టాం. మా బాబు అటక మీంచి టూల్ బాక్స్ దించాడు. మామయ్య అది ఒళ్ళో పెట్టుకుని, మూత తీసి, ఒక్కో పానా చేత్తో తడిమి మళ్ళీ లోపల పెట్టారు. నేను నగల పెట్టె కూడా అంత జాగ్రత్తగా చూసుకోను. తర్వాత కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు, కాళ్ళ దగ్గర మజ్జిగ చెంబు.

చల్లటి ఇంజన్, చదునైన నేల, హ్యాండ్ బ్రేక్. రేడియేటర్ అడుగున ఒక చిన్న మర ఉంటుంది. కింద పాత టబ్బు పెట్టి అది విప్పితే ఆ చింతపండు పులుసంతా దిగింది. కొలిస్తే రెండున్నర లీటర్లు. మా కారుకి మొత్తం పట్టేది దాదాపు నాలుగు లీటర్లు. "మిగతాది ఏడుంది?" అని పరీక్ష పెట్టారు మామయ్య. నాకంటే ముందు మా బాబు చెప్పాడు, ఇంజన్ లోపల అని. అందుకే ఒక్కసారి వదిలి మళ్ళీ నింపితే సరిపోదు. మర బిగించి, కృష్ణా నీళ్ళు నింపి, హీటర్ పెట్టి, ఇంజన్ వేడెక్కేదాకా నడపాలి. లోపల థర్మోస్టాట్ అని ఒక తలుపుంటుంది, ఇంజన్ తగినంత వేడెక్కితే గానీ అది తెరుచుకోదు. అది తెరుచుకుంటేనే ఇంజన్‌లోని పాత నీళ్ళు రేడియేటర్‌లోకి వస్తాయి. ఆ తర్వాత పూర్తిగా చల్లారనిచ్చి మళ్ళీ వదలాలి. మొదటి విడత టీలా వచ్చింది, రెండోది పల్చటి మజ్జిగలా వచ్చింది. మూడో విడతకీ నాలుగో విడతకీ డిస్టిల్డ్ వాటరే పోశాం, లోపల మిగిలిపోయేది కూడా మంచి నీళ్ళే అయి ఉండాలని.

పని పది నిమిషాలది, చల్లారడానికి గంట. ఆ గంటల్లో నేను పైకెళ్ళి కుక్కర్ పెట్టి వచ్చాను, బీరకాయ తరిగాను, బట్టలు ఆరేశాను. ఇంత ఓపిక కావాల్సిన పని మగవాళ్ళ పని ఎలా అయిందో నాకు అర్థం కాలేదు. పొంగే పాలు, నానే పప్పు, చల్లారే పాకం, మనం రోజంతా చేసేది ఇదే కదా!

రెండో విడత చల్లారేటప్పుడు మామయ్య లేచి వచ్చారు. ఇంజన్ చల్లగా ఉందో లేదో నేను చూశాకే దగ్గరికి రానిచ్చాను, షరతు షరతే. ఆయన వణికే చెయ్యి పై గొట్టం మీద వేశారు. వేళ్ళతో మెల్లగా నొక్కుకుంటూ వెళ్ళి ఒక చోట ఆగారు. "ఈడ పట్టుకో." నొక్కితే మిగతా గొట్టం గట్టిగా ఉంది, ఆ క్లిప్పు దగ్గర మాత్రం ముదిరిన టొమాటోలా మెత్తగా ఉంది. "ఇది రోడ్డు మీద పగుల్తది" అన్నారు. గ్యారేజీలో చూసిన రెండు నిమిషాల్లో ఆ గొట్టం మీద ఎవరూ చెయ్యి వేయలేదు. మా బాబు సైకిల్ మీద వెళ్ళి కొత్తది తెచ్చాడు. ఆయన చెయ్యి ఎంత వణికినా ఆ వేళ్ళకి తెలిసింది తెలుసు.

టబ్బులో పాత నీళ్ళు నిండాక వాచ్‌మన్ సాయం చేయబోయాడు, గేటు పక్క మోరీలో పారబోస్తానని. మామయ్య అంత గట్టిగా అరవడం ఈ ఏడాదిలో వినలేదు. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. కుక్కలు నాకుతాయి, పిల్లలు వేలు ముంచి నోట్లో పెట్టుకుంటారు. అది విషం, మూత్రపిండాలు పాడవుతాయి. మా సెల్లార్‌లో అప్పటికి నాలుగు కుక్కపిల్లలున్నాయి. అంతా డబ్బాల్లోకి ఎత్తి, మూత బిగించి, పాత ఆయిల్ పోగుచేసే ఒక వర్క్‌షాపులో ఇచ్చి వచ్చాను. కిందపడ్డ చుక్కల్ని బోలెడన్ని నీళ్ళతో రెండుసార్లు కడిగాం. ఇంట్లో చేసుకుంటే ఈ జాగ్రత్త మాత్రం మర్చిపోకండి.

ఇక చివరి వంట. చిక్కటి కూలెంట్ రెండు లీటర్లు ముందే మొత్తం పోసేశాం. లోపల ఇంకా ఒకటిన్నర లీటర్ల నీళ్ళు ఉన్నాయి కదా, పైన డిస్టిల్డ్ వాటర్‌తో నింపితే సగానికి సగం లెక్క సరిపోయింది. పిండి ముందే జారుగా ఉంటే నీళ్ళు ఆపేస్తామే, అదే సూత్రం. ఈ సగం సగం మిశ్రమం మామూలు ఒత్తిడిలోనే దాదాపు 107 డిగ్రీల దాకా మరగదు, మూత బిగిస్తే ఇంకా పైకి తట్టుకుంటుంది. చలిదేశాల్లో ఇదే సున్నాకి కింద 35 డిగ్రీల దాకా గడ్డ కట్టకుండా కాపాడుతుందట. మనకి ఆ అవసరం ఎప్పుడూ రాకూడదు!

మూత తీసే ఉంచి ఇంజన్ నడిపాం. లోపల చిక్కుకున్న గాలి బుడగలుగా వచ్చింది, మట్టం దిగింది, కొంచెం పోశాను. మళ్ళీ బుడగలు, మళ్ళీ కొంచెం. దోసె చుట్టూ నూనె వేసినట్టే. మామయ్య కుర్చీలోంచే కళ్ళు మూసుకుని వింటున్నారు. "ఇగ ఫ్యాన్ తిరుగుతది చూడు" అన్నారు. కాసేపటికి గుర్రుమంటూ ఫ్యాన్ తిరిగింది. మా బాబు ఆయన వంక మాంత్రికుణ్ణి చూసినట్టు చూశాడు. హీటర్‌లోంచి వేడిగాలి ఏకధారగా వస్తోందంటే గాలి పూర్తిగా పోయినట్టేనట. ఇంజన్ కట్టేసి, చల్లారాక మట్టం చూసి, మూత బిగించేసరికి సాయంత్రం నాలుగున్నర. ఆ రోజు మామయ్య అన్నం రెండోసారి అడిగి పెట్టించుకున్నారు.

వెంటనే పెద్ద దారి పట్టలేదు. వారం రోజులు కూరగాయలకీ, స్కూలుకీ తిప్పి, రోజూ పొద్దున మినిమం, మ్యాగ్జిమం గీతల మధ్య మట్టం చూసుకున్నాం. తగ్గలేదు. అప్పుడు బయల్దేరాం. పంతంగి టోల్ దగ్గర పెద్ద క్యూ, మిట్టమధ్యాహ్నం. ముల్లు సగానికి కిందే నిలబడింది. కొర్లపహాడ్ టోల్ దాటేదాకా మామయ్య రోడ్డు చూడలేదు, ముల్లే చూశారు. మధ్యలో మా బాబుకి ఒకటే కథలు, ఏ గుట్ట దగ్గర ఏ బస్సు ఆగింది, అర్ధరాత్రి టార్చి పట్టుకుని ఎవరు నిలబడ్డారు. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, నకిరేకల్, ఆయనకి ఆ దారంతా బస్సుల పేరు మీదే గుర్తు. ఊళ్ళో దిగాక బానెట్ మీద ఒకసారి అరచేయి పెట్టి, అప్పుడు లోపలికి నడిచారు. కార్యక్రమం అయ్యేదాకా మళ్ళీ ఏమీ మాట్లాడలేదు.

మావారు చెన్నై నుంచి విజయవాడ దాకా రైల్లో వచ్చి, అక్కణ్ణుంచి బస్సులో సూర్యాపేట చేరారు. తిరుగు ప్రయాణంలో ఆయనే నడిపారు. ఎల్బీనగర్ దగ్గర మళ్ళీ ట్రాఫిక్. నేను వెనక సీట్లో, నా పక్కన మామయ్య కళ్ళు మూసుకుని ఉన్నారు. మావారు అద్దంలోంచి చూస్తూ అడిగారు.

"నాన్నా, ఫ్యాన్ సౌండ్ కొంచెం తేడాగా లేదూ?"

మామయ్య కళ్ళు తెరవలేదు. "బేరింగు. ఇంకో ఏడాది నడుస్తది."

నేను కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను. కొడుకు తండ్రిని ఒక మాట అడిగి ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

అన్ని గొడవలూ తీరిపోయాయని అనుకోకండి. స్టూలెక్కడం మీద నిషేధం అలాగే ఉంది, స్కూటర్ తిరిగి రాలేదు. ఆ కారు ఇంకెన్నాళ్ళు ఉంచాలన్న చర్చ దసరాకి మళ్ళీ వస్తుంది. కానీ టూల్ బాక్స్ అటకెక్కలేదు, మామయ్య మంచం కింద ఉంది. దాన్ని మళ్ళీ పైన పెట్టమని ఎవరూ అనలేదు.

మీరు కూడా ఈ ఆదివారం బానెట్ ఒకసారి ఎత్తి చూడండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే సుమా! పక్కనున్న తెల్ల డబ్బాలో నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో, ఏ గీత దగ్గర ఉన్నాయో చూస్తే చాలు. మాన్యువల్‌లో ఎన్నేళ్ళకి మార్చాలో రాసి ఉంటుంది. మాది రెండేళ్ళకోసారి. మామయ్య తేదీ ఒక కాగితం మీద రాసి బానెట్ లోపల టేపుతో అంటించారు. అక్షరాలు వంకర్లు పోయాయి గానీ చదవొచ్చు. వచ్చేసారి పానా నా చేతికివ్వరట, మనవడికే ఇస్తారట. అప్పటికి వాడికి పదిహేను, ఆయనకి 78. నేను మజ్జిగ చెంబు పట్టుకుని ఆ కుర్చీ పక్కన కూర్చుంటాను.